ఈవెంట్ సదస్సుకు వెళ్తూ, పాడైన ఒక ఈవెంట్ కథ వెంట తీసుకెళ్లండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రాజమహేంద్రవరంలో నాలుగేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, అడపాదడపా డీలర్ల మీటింగులు చేస్తున్నారు. వచ్చే నెల హైదరాబాద్‌లో జరిగే రెండు రోజుల ఈవెంట్ పరిశ్రమ సదస్సుకు మొదటిసారి ఫీజు కట్టారు. అక్కడ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, ఇంగ్లిష్ అంతంత మాత్రం. "అంత పెద్ద పనులు చేసినవాళ్ల దగ్గరికి వెళ్లి ఏం మాట్లాడాలి? నన్నెందుకు పట్టించుకుంటారు? విజిటింగ్ కార్డులు ఎన్ని కొట్టించాలి?" అని అడిగారు. కార్డుల సంగతి చివర్లో చెప్తాను, అది తేలిక.

నేను 2003లో ఒక టెంట్ హౌస్‌లో కుర్చీల లెక్క రాసే కుర్రాడిగా ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో చిన్న టీమ్ ఉంది, ఎక్కువగా టెక్నికల్ ప్రొడక్షన్ చేస్తాం. తొలిసారి సదస్సుకు 2009లో వెళ్లాను. కొత్త బ్లేజర్ కుట్టించుకుని మరీ వెళ్లాను. రెండు రోజుల్లో అరవై మూడు కార్డులు పోగేశాను. ఇంటికొచ్చి రబ్బరు బ్యాండ్ వేసి సొరుగులో పెట్టాను. కొన్నాళ్లకి రబ్బరు బ్యాండ్ ఎండిపోయి తెగింది గానీ అందులో ఒక్క నంబరుకీ నేను ఫోన్ చేయలేదు. చేసి ఏం చెప్పను? "సర్, మనం లంచ్ క్యూలో కలిశాం, నేను నల్ల బ్లేజర్" అనా? అక్కడ అందరిదీ నల్ల బ్లేజరే.

రెండోసారి 2011లో వెళ్లాను. ఈసారి బ్లేజర్ లేదు, ఉత్సాహమూ లేదు. ఎందుకంటే అంతకు ముందు ఏడాది ఒక జిల్లా కేంద్రంలో చేసిన రిసెప్షన్ ఇంకా కళ్ల ముందే ఉంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు స్టేజీ ఎక్కారో లేదో, హాల్లో ఒక పక్క లైట్లు దీపాల్లా వెలవెలబోయాయి, ఇంకో పక్క కళ్లు జిగేల్మనేలా వెలిగాయి. పది సెకన్లు కూడా కాలేదు, రెండు ఆంప్లిఫయర్లు, మిక్సర్, ప్రొజెక్టర్ పొగలు కక్కాయి. పెళ్లివారి ముందు తల ఎత్తుకోలేకపోయాను. బ్యాలెన్స్ డబ్బులు అడిగే మొహం కూడా లేదు. అసలు ఏం జరిగిందో నాకు సరిగ్గా అర్థం కాలేదు. మా ఎలక్ట్రీషియన్ "జనరేటర్ తేడా అన్నా" అన్నాడు, జనరేటర్ అతను "మీ వైరింగే తేడా" అన్నాడు.

సదస్సులో టీ కౌంటర్ దగ్గర గళ్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన పక్కన నిలబడ్డాను. జేబులో పెన్నుతో పాటు టెస్టర్ కూడా ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "సర్, ఒకే హాల్లో సగం లైట్లు డిమ్ అయ్యి, సగం ఎక్కువ వెలిగితే కారణం ఏమై ఉంటుందండీ?" అని అడిగాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేశారు. "ఏం కాలిపోయాయి?" అన్నారు. చెప్పాను. టిష్యూ పేపర్ తీసుకుని మూడు గీతలు, వాటి కింద ఒక గీత గీశారు. మూడు ఫేజుల కరెంటులో న్యూట్రల్, అంటే మూడింటికీ కలిపి ఉండే నాలుగో వైరు, వదులైతే, లోడ్ తక్కువ ఉన్న ఫేజు మీద 230 వోల్టులు ఉండాల్సింది నాలుగు వందల దగ్గరికి ఎక్కుతుందని, లోడ్ ఎక్కువ ఉన్నదాని మీద పడిపోతుందని చెప్పారు. "లగ్గు, అదే వైరు చివర బిగించే క్లిప్పు, బిగించారా?" "బిగించామండి." "ఎప్పుడు?" "షోకి ముందు." "లోడ్ వేశాకే కదయ్యా వైరు వేడెక్కేది. రిహార్సల్‌లో పూర్తి లోడ్ ఒక అరగంట నడిపి, కరెంటు ఆపి, మళ్లీ బిగించాలి. సౌండ్‌కి, లైట్లకి విడివిడిగా లైన్ తీసుకోవాలి."

తర్వాత సెషన్ మొదలైంది. ఆయనా లోపలికి వెళ్లలేదు, నేనూ వెళ్లలేదు. ఆయన తన కథ ఎత్తుకున్నారు. ఒక నాటకోత్సవంలో వానకి ఎర్త్ పిట్, అంటే లీకైన కరెంటు భూమిలోకి పోవడానికి తవ్వే గుంట, మునిగి మైకు పట్టుకున్న గాయకుడికి షాక్ కొట్టిన కథ. మా చుట్టూ ఇంకో నలుగురు చేరారు. ప్రతివాడి దగ్గరా ఒక కథ ఉంది. ఆ నలుగురిలో ఇద్దరితో ఈ రోజుకీ మాట్లాడుతుంటాను. ఆ పెద్దాయన చెప్పిన మాట మీదే మరుసటి ఏడాది, 2012 అక్టోబరులో, హైదరాబాద్‌లోని పెద్ద కన్వెన్షన్ సెంటర్ హెచ్‌ఐసీసీలో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు తాత్కాలిక కరెంటు పనిలో ఒక చిన్న మూల నాకు దక్కింది. అరవై మూడు కార్డులు చేయలేని పని ఒక టిష్యూ పేపర్ చేసింది.

నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్కటే. మన రంగంలో గెలిచిన ఈవెంట్ గురించి చెప్తే ఎదుటివాడు "సూపర్" అని పక్కకి చూస్తాడు. చెడిపోయిన ఈవెంట్ గురించి చెప్తే కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. బాగా జరిగినవన్నీ ఫొటోల్లో ఒకేలా ఉంటాయి: పూల మండపం, డ్రోన్ షాట్, కోల్డ్ ఫైర్ నిప్పురవ్వలు. చెడిపోయినది మాత్రం ఏ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ దొరకదు. దాన్ని తెలిసినవాళ్ల నోటే వినాలి, పరిచయం లేనివాడికి ఎవరూ చెప్పరు. ముందు మీరు మీది చెప్తే, వాళ్లు వాళ్లది విప్పుతారు.

కాబట్టి బట్టలు సర్దుకునే ముందు కూర్చుని మీ నాలుగేళ్లలో చెడిపోయిన ఈవెంట్లు రాసుకోండి. అందులో ఒకటి ఎంచుకోండి. ఒక షరతు: తప్పు మీదై ఉండాలి. "ఫలానా డెకార్ వాడు నన్ను ముంచేశాడు" అన్నది కథ కాదు, చాడీ. వినేవాడికి వెంటనే వచ్చే అనుమానం, రేపు వీడు నా గురించీ ఇలాగే చెప్తాడు కదా అని. క్లయింట్ పేరు, వెండర్ పేరు రాకూడదు. రెండు నిమిషాల్లో అయిపోవాలి. చివర "ఆ పరిస్థితిలో మీరైతే ఏం చేసేవారు?" అన్న ప్రశ్న ఉండాలి, అదీ మీకు నిజంగా జవాబు తెలియనిది. తెలిసి అడిగితే అనుభవజ్ఞులు ఇట్టే పసిగడతారు.

ఇక ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది. మీరు "పెద్ద పెద్దవాళ్లు" అన్నారు, అంటే స్టేజీ మీద మాట్లాడేవాళ్లని అనుకుంటున్నాను. ప్రసంగం అయిపోగానే వాళ్ల చుట్టూ ముప్పై మంది మూగుతారు, సెల్ఫీలు అవుతాయి. అందులో ముప్పై ఒకటో వాడిగా ఉండి లాభం లేదు. వాళ్లని కలవకండి అనడం లేదు, అప్పుడే కలవకండి అంటున్నాను. శ్రద్ధగా వినండి. వాళ్లు చెప్పినదాంట్లో ఒక్కటి తీసుకుని, ఇంటికెళ్లాక మీ తర్వాతి ఈవెంట్‌లో చేసి చూడండి. చేశాక మెసేజ్ పెట్టండి: "మీరు చెక్‌ఇన్ కౌంటర్లు హాలు గుమ్మం దగ్గర కాకుండా పార్కింగ్ వైపు పెట్టమన్నారు. మొన్న మా ఊళ్లో ఒక డీలర్ మీట్‌లో పెట్టాను. క్యూ తగ్గింది గానీ పెద్దవాళ్లు ఎండలో నిలబడాల్సి వచ్చింది. షామియానా వేస్తే సరిపోతుందా?" నేనూ అప్పుడప్పుడు స్టేజీ ఎక్కుతుంటాను కాబట్టి చెప్తున్నా, "గ్రేట్ సెషన్ సర్" అన్న మెసేజ్‌లు డజన్ల కొద్దీ వస్తాయి. "మీరు చెప్పింది చేశాను, ఇలా అయింది" అన్నది ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. వాటికి నేను ఫోన్ చేసి మరీ జవాబు చెప్తాను.

అసలైన మనుషులు ఎక్కడుంటారో చెప్తాను. ఈవెంట్ వాళ్ల సదస్సు కూడా ఒక ఈవెంటే కదా! దాన్ని ఎవరో నడుపుతుంటారు. ఈవెంట్లు చేసే కొన్ని వందల మంది కూర్చుని వంకలు వెతుకుతుంటారని తెలిసీ ఆ పని ఒప్పుకున్నవాళ్లంటే ఊరికే కాదు. హాలు వెనక కన్సోల్ దగ్గర సౌండ్ ఇంజనీర్, లైట్లవాళ్లు, స్టేజీ పక్క హెడ్‌సెట్ పెట్టుకుని షో ఫ్లో చూసుకునే అమ్మాయి, రిజిస్ట్రేషన్ డెస్క్ నడిపే కుర్రాడు. షో నడుస్తుండగా వాళ్ల జోలికి వెళ్లకండి, అది పాపం. రెండో రోజు సాయంత్రం, అందరూ ఫ్లైట్లకి, బస్సులకి పరిగెత్తాక, డిస్మాంటిల్ మొదలయ్యే ముందు ఒక గంట ఉండండి. మీ బస్సు రాత్రి పది తర్వాత బుక్ చేసుకోండి. వెళ్లి, "ఉదయం రెండో ప్యానెల్‌లో మైకు పోయింది, అరసెకనులో ఇంకోటి వచ్చింది, ఎలా చేశారండీ?" అని అడగండి. వాళ్లని ఆ రెండు రోజుల్లో అలా అడిగినవాడు ఇంకొకడు ఉండడు. ఇలా కలిసిన ఒక షో కాలర్, అంటే ఎప్పుడు ఏం రావాలో హెడ్‌సెట్‌లో చెప్పే మనిషి, దగ్గరే నేను క్యూ షీట్ (ఏ క్షణంలో ఏ లైటు, ఏ సౌండు అని రాసుకునే పట్టిక) రాయడం సరిగ్గా నేర్చుకున్నాను. అప్పటిదాకా మాది నోటిమాట వ్యవహారం, "రేయ్, లైటు వెయ్" బాపతు.

ఇంకో రకం మనుషులు, మీకన్నా నాలుగైదేళ్లు ముందున్నవాళ్లు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి మీ ఇబ్బందులు గుర్తుండవు. అడ్వాన్స్ ఎంత తీసుకుంటే లేబర్‌కి ఇచ్చి మిగులుతుంది, మొదటి ఉద్యోగిని ఎప్పుడు పెట్టుకోవాలి లాంటివి మొన్నమొన్న దాటినవాళ్లకే తెలుస్తాయి. వాళ్ల కోసం వెతకాల్సిన పని లేదు, భోజనాల దగ్గర మీలాగే బిక్కమొహం వేసుకుని ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటారు.

"నన్నెందుకు పట్టించుకుంటారు" అన్నారు చూశారా, అది నాకు నచ్చలేదు. హైదరాబాద్ కంపెనీకి రాజమహేంద్రవరంలో పని తగిలితే ముందు కావాల్సింది మీరే. గోదావరి గాలికి ఎల్‌ఈడీ వాల్ ట్రస్ (దాన్ని మోసే లోహపు చట్రం) ఎంత బరువు వేసి కట్టాలో, ఏ ఘాట్ దాకా ట్రక్కు వెళ్తుందో, పోలీస్ పర్మిషన్ కాగితం ఎవరి టేబుల్ మీద ఆగుతుందో, కడియం నుంచి పూలు ఏ వేళకి దిగుతాయో మీకు తెలిసినంత ఇక్కడివాళ్లకి తెలీదు. పైగా 2027లో గోదావరి పుష్కరాలు. 2015 పుష్కరాల మొదటి రోజు, జులై 14న, మీ ఊరి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. జనాన్ని ఎలా నడిపించాలి అన్న విషయం మీద పనిచేసేవాళ్లు సదస్సులో తప్పకుండా ఉంటారు. సాధారణంగా వాళ్ల సెషన్‌కి సగం హాలు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే పక్క హాల్లో డెస్టినేషన్ వెడ్డింగ్స్ నడుస్తుంటాయి. మీరు ఆ ఖాళీ హాల్లోకి వెళ్లండి. "నేను రాజమండ్రి నుంచి వచ్చాను, ఆ ఘాట్ల మీద తిరిగేవాణ్ని" అనండి చాలు. ఆ తర్వాత మీరు అడగాల్సిన అవసరం ఉండదు, వాళ్లే అడుగుతారు.

ఇంగ్లిష్ గురించి. ప్యానెల్స్ ఇంగ్లిష్‌లో ఉంటాయి, నిజమే. టీ దగ్గర మాత్రం తెలుగు, హిందీ, హైదరాబాదీ అన్నీ కలిసిపోతాయి. లైట్లు, రిగ్గింగ్ (సామాను పైన వేలాడదీసి కట్టే పని) వాళ్లలో చాలామంది హిందీలోనే మాట్లాడతారు. మీరు తెలుగులో మొదలుపెట్టండి. ఎదుటివారు ఇబ్బంది పడితే అప్పుడు చూసుకోవచ్చు. మన వాళ్లతో మాట కలపడానికి "మీది ఏ ఊరండీ?" కన్నా మంచి తాళంచెవి లేదు. ఊరి దగ్గరే ఆగండి. ఇంటిపేరు దాకా వెళ్లకండి. ఎందుకు అడుగుతున్నారో అందరికీ తెలుసు, నలుగురు పనివాళ్ల మధ్య అది బాగోదు. పిలుపు విషయంలో టెక్నికల్ వాళ్లని "అన్నా" అంటే దగ్గరవుతారు, కంపెనీ నడిపేవాళ్లని, ఆడవాళ్లని "గారు" అనండి. వయసు కనుక్కోకుండా "అంకుల్", "ఆంటీ" అన్నారో, అయిపోయింది.

రేటు అడగకండి. "ఎల్‌ఈడీ వాల్ చదరపు అడుగు ఎంతకి ఇస్తారు?" అన్న ప్రశ్నతో పరిచయం మొదలైతే అక్కడే ముగుస్తుంది. డబ్బు గురించే తెలుసుకోవాలంటే పద్ధతి అడగండి: మెటీరియల్ లోడ్ చేసే ముందు ఎంత శాతం చేతికి రావాలంటారు, పెళ్లి వాయిదా పడితే అడ్వాన్స్ ఏం చేస్తారు. 2020 మార్చి తర్వాత బుకింగులన్నీ ఆగిపోయిన ఆ నెలల్లో దెబ్బ తినని ఈవెంట్ మనిషి లేడు. అగ్రిమెంట్లో వాయిదా షరతు రాసుకోవడం చాలామంది అప్పుడే నేర్చుకున్నారు. ఆ విషయం ఎత్తితే ఎవరైనా గంట చెప్తారు.

రాత్రి పార్టీ ఉంటుంది. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, తాగితేనే పరిచయాలు అన్న భ్రమ మాత్రం వద్దు. నాకు పనికొచ్చిన మాటలన్నీ టిఫిన్ల దగ్గర దొరికాయి. అవార్డు గెలిచినవాళ్లని కూడా ఆ రాత్రి కాదు, మర్నాడు ఉదయం ఇడ్లీ దగ్గర పలకరించండి. మనసు తేలికగా ఉంటుంది, చుట్టూ జనం ఉండరు.

రెండు రోజుల్లో నలుగురితో సరిగ్గా మాట్లాడితే మీ ఫీజు వచ్చేసినట్టే. ఫోన్లో నంబరు సేవ్ చేసేటప్పుడు పేరు పక్కన విషయం కూడా రాసుకోండి. నా ఫోన్లో ఆ పెద్దాయన ఇప్పటికీ "న్యూట్రల్ మాస్టారు" అనే ఉన్నారు. మర్నాడు వాట్సాప్‌లో కంపెనీ ప్రొఫైల్ పీడీఎఫ్ పంపకండి, అది ఎవరూ తెరవరు. రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు అసలే వద్దు. మాట్లాడుకున్న విషయానికి సంబంధించిన ఒక ఫొటో, ఒక వాక్యం చాలు. "మీరు చెప్పినట్టు ఎర్త్ పిట్ తవ్వించాం, ఇదిగో" అంటే మిమ్మల్ని మర్చిపోరు.

ఫోన్ ఎప్పుడు చేయాలో కూడా మన రంగంలో పంచాంగం చూసి చేయాలి! ముహూర్తాల్లో చేస్తే ఎత్తరు. ఎత్తినా వెనక డప్పులు వినిపిస్తుంటాయి, "తర్వాత చేస్తా" అంటారు, చేయరు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ఇంకా మూఢం వచ్చిన రోజుల్లో మనవాళ్లు గోడౌన్‌లో కూర్చుని కేబుళ్లు చుట్టించుకుంటూ ఉంటారు. అప్పుడు వెళ్లండి, చేతిలో పూతరేకుల డబ్బాతో వెళ్తే ఇంకా మంచిది, మీకు ఆత్రేయపురం పక్కనే కదా. నేను చాలామందిని ఆషాఢంలో గోడౌన్‌లోనే కలిశాను. సదస్సులో పది నిమిషాలు మాట్లాడినవాళ్లు అక్కడ పూట పూటంతా కూర్చోబెట్టుకున్నారు, పాత ట్రస్ ఎందుకు వంగిందో చూపించారు.

ఈ సదస్సు బాగుందనిపిస్తే తర్వాత ఏంటి అనేది కూడా క్లుప్తంగా చెప్తా. హైదరాబాద్‌లో తెలంగాణ ఛాంబర్ ఆఫ్ ఈవెంట్స్ ఇండస్ట్రీ ఉంది. దేశం మొత్తానికి ఈమా ఉంది, ఈవెంట్ అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్, వాళ్లు పెట్టే వార్షిక సమ్మేళనం పేరు ఈమాజిన్. సౌండ్, లైట్ల మీద మనసుంటే ముంబైలో ఏటా జరిగే పామ్ ఎక్స్‌పోకి ఒకసారి వెళ్లి రండి, సామాను చేత్తో పట్టుకుని చూడొచ్చు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగే ఐమెక్స్ అనే మీటింగుల పరిశ్రమ ప్రదర్శన ఇప్పుడే మీకు అవసరం లేదు గానీ అక్కడి పద్ధతి ఒకటి అరువు తెచ్చుకోవచ్చు. కాన్ఫరెన్సులు, మీటింగులు బుక్ చేసే కొనుగోలుదారులకి అక్కడ ఎవరిని ఏ సమయానికి కలవాలో అపాయింట్‌మెంట్లు ముందే ఖరారై ఉంటాయి. మీరూ సదస్సు కార్యక్రమం చేతికి రాగానే ఇద్దరిని ఎంచుకుని, వారం ముందే లింక్డ్‌ఇన్‌లో "మొదటి రోజు టీ బ్రేక్‌లో పది నిమిషాలు, జనం నియంత్రణ గురించి ఒక ప్రశ్న" అని అడగండి. ఇద్దరిలో ఒకరు సరే అంటారు, నా అనుభవం.

ఒక హెచ్చరిక. అందరూ మంచివాళ్లే అనుకోకండి. మీ కథ విని, నవ్వి, వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. ఒకాయన నా న్యూట్రల్ కథ విని "అంత బేసిక్ విషయం తెలీకుండా ఫీల్డులో ఎలా ఉన్నావ్?" అన్నాడు నలుగురిలో. ఆ రోజు అన్నం సయించలేదు. అయితే ఆ నలుగురిలో ఒకతను సాయంత్రం వెతుక్కుంటూ వచ్చి, "అన్నా, నాకూ అలాగే అయింది, నేను ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. ఇప్పుడు మా ఎలక్ట్రికల్ పనులన్నీ అతనే చూస్తాడు.

ఇక కార్డులు. వంద కొట్టించండి, అంతకన్నా వద్దు. పేరు, ఊరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. ఊరు పేరు తప్పకుండా ఉండాలి. వెనక వైపు లోగో, సర్వీసుల జాబితా అవీ వేయించకుండా తెల్లగా వదిలేయమని ప్రింటర్‌కి గట్టిగా చెప్పండి, గ్లాసీ పేపర్ వద్దనండి, దాని మీద పెన్ను జారుతుంది. టిష్యూ పేపర్ దొరకని చోట బొమ్మ గీసుకోవాల్సింది దాని మీదే. పెన్నులు రెండు పెట్టుకోండి, ఒకటి ఎవరో ఒకరు తీసుకుని ఇవ్వడం మర్చిపోతారు.